గోలీలతో ద్రవాన్ని కట్టిన బెర్నాల్

సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం వాళ్లు అడిగారు. బడి జ్ఞాపకాలు అందరూ రాస్తారు కదా, నేను ఒక శాస్త్రవేత్త గురించి రాస్తానన్నాను. ఇంజనీరుగా నా బతుకంతా కంకర, ఇసుక, సిమెంటుతోనే గడిచింది. కంకరరాళ్ల మధ్య ఖాళీ ఎంత మిగులుతుందన్నది నా రోజువారీ లెక్క. ఆ లెక్క వెంట వెళితే జె.డి. బెర్నాల్ దొరికాడు.

ఆయన 1901లో ఐర్లండ్‌లోని నీనా పట్టణంలో పుట్టాడు. ఏది అడిగినా చెప్పగలడని కేంబ్రిడ్జిలో తోటివాళ్లు ఆయన్ని ఋషి అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. లండన్‌లో విలియం బ్రాగ్ దగ్గర పనిచేస్తూ 1924లో ఎక్స్-రేలతో గ్రాఫైట్ నిర్మాణం తేల్చాడు.

స్ఫటికం మీద ఎక్స్-రేలు పడితే ఫిల్ము మీద స్పష్టమైన చుక్కలు వస్తాయి. ద్రవం మీద పడితే మసక వలయాలే. వాటి నుంచి ఒక పరమాణువు చుట్టూ సగటున ఎంత దూరంలో ఎన్ని పొరుగు పరమాణువులున్నాయో లెక్క కట్టవచ్చు. ఏది ఎక్కడుందో మాత్రం తెలియదు. తిరనాళ్ల జనం ఎంత ఒత్తుగా ఉన్నారో తెలిసి, ఎవరి పక్కన ఎవరున్నారో తెలియనట్టు. బెర్నాల్‌ను చివరిదాకా వదలని చిక్కు ఇదే.

1932లో మాస్కో విమానాశ్రయంలో పొగమంచు వల్ల ఆగిపోయినప్పుడు రాల్ఫ్ ఫౌలర్‌తో నీటి గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. ఆ మాటల్లోంచి 1933 నాటి వాళ్ల పేరుపొందిన వ్యాసం వచ్చింది. నీటి అణువు చుట్టూ నాలుగు అణువులు నాలుగు మూలల్లో సర్దుకుంటాయని అందులో చూపారు. మరుసటి ఏడాది పెప్సిన్ స్ఫటికాలు ఎండితే చెడిపోతున్నాయని గమనించి, వాటిని తడిగానే సన్నని గాజు గొట్టంలో పెట్టి ఫోటో తీశాడు. ప్రొటీన్ల నిర్మాణ శాస్త్రానికి అక్కడే దారి పడింది. ఆ పనిలో తోడున్న డొరొతీ హాడ్జ్‌కిన్‌కీ, శిష్యుడు పెరూట్జ్‌కీ నోబెల్ వచ్చింది, ఈయనకు రాలేదు. ఒక పని మొదలుపెట్టి ఇంకోదాని మీదికి దూకే మనిషి మరి. నన్నూ ఇంట్లో ఇదే మాట అంటారు, అందుకే ఆయనంటే కాస్త పక్షపాతం.

అయితే ఒక విషయం దాచకూడదు. కరడుగట్టిన కమ్యూనిస్టు కావడం వల్ల, రష్యాలో జన్యుశాస్త్రాన్ని అణగదొక్కిన లైసెంకోను వెనకేసుకొచ్చాడు. సాక్ష్యాన్నే నమ్మాల్సిన మనిషి అక్కడ పార్టీని నమ్మాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1950ల చివర్లో మళ్లీ ద్రవాల దగ్గరికొచ్చాడు. ఈసారి పనిముట్లు బంతులు, పుల్లలు. తన ఆఫీసు గదిలోనే నమూనా కట్టాడు. నిమిషానికొకరు వచ్చి పలకరిస్తుంటే కిందటి బంతి ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు. క్రమం లేకుండా పేర్చడానికి ఆ మతిమరుపే కావాలి! తరవాత మెత్తని ప్లాస్టిసిన్ ఉండలకు సుద్దపొడి అద్ది, కలిపి నొక్కి, విడదీసి చూశాడు. ఒక్కో ఉండకు సగటున 13కు పైగా ముఖాలు, వాటిలో అయిదు అంచులవే ఎక్కువ. అయిదు అంచుల ఆకారం స్ఫటికంలో వరస కట్టలేదు. ద్రవం స్ఫటికానికి చెడిపోయిన రూపం కాదు, దాని తీరే వేరు అని ఆయన వాదన.

సైకిలు షాపులో దొరికే లాంటి ఉక్కు బాల్స్‌నూ వేలకొద్దీ పోసి కుదిపారు. ఒకే సైజు బంతుల్ని వరసగా పేరిస్తే 74 శాతం చోటు నిండుతుంది. ఇష్టం వచ్చినట్టు పోసి ఎంత కుదిపినా దాదాపు 64 దగ్గర ఆగిపోతుంది. ఆ మిగిలిన ఖాళీలోనే ద్రవం కదలాడుతుంది. మా కాంక్రీటులో ఆ ఖాళీని ఇసుకతో, సిమెంటుతో పూడుస్తాం.

1963లో పక్షవాతం వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చి చివరికి మాట, కదలిక రెండూ పోయాయి. శిష్యుడు జాన్ ఫిన్నీ దాదాపు 8000 బంతుల స్థానాలు ఒక్కొక్కటే కొలిచి, 1970లో ఆ లెక్కలు ప్రచురించాడు. బెర్నాల్ 1971 సెప్టెంబరులో కన్నుమూశాడు.

ఉత్సవం రోజున రెండు కిలోల గోలీలు, ఒక గాజు జాడీ తెస్తాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని ల్యాబులో కూర్చోబెడితే చాలు, నీళ్లు పోసి ఆ ఖాళీ ఎంతో వాళ్లే కొలుస్తారు.