లావోయిజరు త్రాసు
ఆంటోయిన్ లావోయిజరు 1743లో పారిస్ నగరమున జన్మించెను. కాల్చిన లోహము బరువెక్కుటకు కారణము ఆనాటి పండితులకు సరిగా తెలియదు. 1774లో ఆయన గాజుపాత్రలో తగరమునుంచి, మూతి బిగించి, కాచి తూచెను. బరువు మారలేదు. మూతి తెరవగనే గాలి లోనికి చొచ్చి బరువు పెరిగెను. లోహము గాలినుండి కొంత గ్రహించునని తేలెను. రసాయన చర్యలో పదార్థము క్రొత్తగా పుట్టదు, నశింపదు అని 1789 నాటి గ్రంథమున ఆయన చాటెను.

పన్నులు వసూలుచేయు సంఘమున భాగస్వామి యగుటచే, విప్లవ ప్రభుత్వము 1794 మే 8న ఆయనకు శిరచ్ఛేదము విధించెను. సత్యము మాత్రము నిలిచెను. 1808లో డాల్టన్ ప్రకటించిన పరమాణు సిద్ధాంతము దానికి కారణము చూపెను.

నారాయణగూడ, చిక్కడపల్లి పాఠశాలలలో బాలబాలికలు నీటి సమీకరణము వ్రాసి, ఇరువైపుల నాలుగు హైడ్రోజను, రెండు ఆక్సిజను పరమాణువులను లెక్కించునపుడు, వారి చేతనున్నది లావోయిజరు త్రాసే.