ఎల్‌వుడ్ హేన్స్: రంపం ముక్కున నిలిచిన లోహం

చెట్లు కొట్టే గొలుసు రంపాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు. మోటారు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఉక్కు పట్టీ, దాని అంచు వెంట సైకిలు చైనులా పరుగెత్తే పళ్ళ గొలుసు. ఆ పట్టీని గైడ్ బార్ అంటారు. పై అంచు మీదుగా వెళ్ళిన గొలుసు పట్టీ కొసన గిరుక్కున తిరిగి, కింది అంచు మీదుగా వెనక్కి వస్తుంది. ఆ మలుపు తిరిగే కొసే దాని ముక్కు. నేటి రంపాల్లో గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పోతుంది. ఆ రాపిడికీ, ఆ వేడికీ మామూలు ఉక్కయితే ముక్కే ముందు అరిగిపోతుంది.

ఈ చిక్కును విప్పడానికి పాతకాలపు తయారీదారులు మూడు దారులు తొక్కారు. మొదటిది గట్టి ముక్కు. ఇందులో తిరిగే భాగమేదీ ఉండదు. అంచు మీద అతి కఠినమైన లోహాన్ని కరిగించి పోత పోసి, గొలుసును దాని మీదే జారనిస్తారు. రెండోది రోలరు ముక్కు. కొసన ఒక చక్రం ఉండి, గొలుసును పట్టీకి తగలకుండా ఎత్తి తిప్పుతుంది. మూడోది పళ్ళ చక్రం ముక్కు. పట్టీ రేకుల మధ్య దాగిన చిన్న చక్రం తన పళ్ళతో గొలుసు లింకులను అందుకుని మళ్ళిస్తుంది. చక్రాలతో రాపిడి తగ్గుతుంది, మోటారు శక్తి ఆదా అవుతుంది. కాని వాటి బేరింగులో ఇసుక పడితే పని అయిపోయినట్టే. అందుకే మట్టీ దుమ్మూ పట్టిన మొద్దులు కోసేవాళ్ళు గట్టి ముక్కునే నమ్ముకున్నారు.

ఆ గట్టి ముక్కుకు ప్రాణం పోసిన లోహం పేరు స్టెల్లైట్. దాన్ని కనిపెట్టినవాడు ఎల్‌వుడ్ హేన్స్. చిత్రమేమిటంటే, ఆయన స్టెల్లైటును రంపాల కోసం చేయలేదు. జర్మనీలో స్టీల్, డోల్మార్ కంపెనీల గొలుసు రంపాలు 1926, 1927లలో గాని బయటికి రాలేదు. అప్పటికే ఆయన పోయాడు.

హేన్స్ 1857 అక్టోబరు 14న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, పోర్ట్‌లండ్ అనే చిన్న ఊళ్ళో జన్మించాడు. తండ్రి న్యాయవాది. కుర్రవాడికి మాత్రం లోహాల పిచ్చి. ఇంట్లో దొరికిన సామానుతోనే కొలిమి కట్టి ఇత్తడి కరిగించాడు. తర్వాత మసాచుసెట్స్‌లోని వూస్టర్ సాంకేతిక విద్యాలయంలో చేరి 1881లో పట్టా పుచ్చుకున్నాడు. చివరి ఏడాది ఆయన రాసిన పరిశోధన వ్యాసం ఇనుము, ఉక్కు మీద టంగ్‌స్టన్ ప్రభావం గురించి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

కొన్నాళ్ళు పంతులు ఉద్యోగం చేశాడు. ఇండియానాలో సహజవాయువు బయటపడ్డాక ఆ కంపెనీల్లో చేరాడు. పైపులైన్ల తనిఖీ కోసం గుర్రపు బండి మీద దూరాలు తిరగాల్సి వచ్చేది. గుర్రాలు అలిసిపోయేవి. గుర్రం లేని బండి ఎందుకు ఉండకూడదు అన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఒక చిన్న పెట్రోలు ఇంజను కొని, కొకోమో పట్టణంలో ఆపర్సన్ సోదరుల వర్క్‌షాపులో బండి కట్టించాడు. 1894 జులై 4న, జనం గుమిగూడిన వీధుల్లో ప్రమాదం జరుగుతుందేమోనని దాన్ని గుర్రంతో ఊరి బయటికి లాగించి, అక్కడ నడిపాడు. వేగం గంటకు పది పన్నెండు కిలోమీటర్లు. గుర్రాన్ని తప్పించే బండిని గుర్రమే లాక్కుపోయిందన్నమాట!

అమెరికాలో మొట్టమొదటి కారు తనదేనని ఆయన కంపెనీ ఏళ్ళ తరబడి ప్రకటించుకుంది. అది నిజం కాదు. డ్యూరియా సోదరులు 1893లోనే తమ బండి నడిపారు. అయినా హేన్స్‌కు ఆ బిరుదు మీదే మక్కువ.

ఆయన అసలు పని మరోపక్క, చడీచప్పుడూ లేకుండా సాగుతూ వచ్చింది. భార్యకు మాసిపోని చెంచాలూ కత్తులూ చేసిపెట్టాలని మొదలెట్టాడని చెబుతారు. కోబాల్టు, క్రోమియం కలిపి కరిగించాడు. తుప్పు పట్టని, మెరుపు తగ్గని మిశ్రలోహం వచ్చింది. 1907లో పేటెంటు దక్కింది. నక్షత్రమనే అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి స్టెల్లైట్ అని పేరు పెట్టాడు. తర్వాత దానికి టంగ్‌స్టన్ కలిపాడు. అదే టంగ్‌స్టన్, విద్యార్థిగా వ్యాసం రాసిన ముప్పై ఏళ్ళకు! దాంతో ఎర్రగా కాలినా మెత్తబడని లోహం తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో లేత్ మిషన్ల పనిముట్లకు దాని గిరాకీ పెరిగి ఆయన సంపన్నుడయ్యాడు. 1920లో ఆ కంపెనీని యూనియన్ కార్బైడ్‌కు అమ్మేశాడు. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ 1919లో ఆయనకు పేటెంటు వచ్చింది. అయితే ఇంగ్లండులో హ్యారీ బ్రియర్లీ కూడా విడిగా ఆ దారినే వచ్చాడు గనుక ఇద్దరి హక్కులనూ ఒకచోట చేర్చాల్సి వచ్చింది.

ఇంత చేసినా చివరి రోజులు సుఖంగా గడవలేదు. చవక కార్ల పోటీకి తట్టుకోలేక 1924లో కార్ల కంపెనీ దివాలా తీసింది. ఆయన సొమ్మూ చాలా పోయింది. 1925 ఏప్రిల్ 13న, 67వ ఏట, కొకోమోలో కన్నుమూశాడు. ఊరంతా ఎరిగిన కార్ల హేన్స్ ఓడిపోయి వెళ్ళాడు.

లోహం మాత్రం ఓడిపోలేదు. ఆయన తర్వాత రంపం ముక్కు మీద, ఇంజను వాల్వుల మీద స్టెల్లైట్ ఎక్కింది. దాని బంధువులైన కోబాల్టు-క్రోమియం లోహాలు నేడు కృత్రిమ తుంటి కీళ్ళలో మనుషులను నడిపిస్తున్నాయి. అడవిలో రంపం పట్టే కూలీకి హేన్స్ అంటే ఎవరో తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. సాయంత్రం దాకా ముక్కు అరగకపోతే చాలు అతనికి.

మన ప్రాజెక్టు రిపోర్టులు పరీక్ష కాగానే బీరువాల్లోకి పోతాయి. ఈసారి పారేసేముందు ఒక్కసారి తిరగేసి చూద్దాం. 1881 నాటి ఒక కుర్రవాడి వ్యాసం ముప్పై ఏళ్ళు ఆగి పనికొచ్చింది. గొప్పగా చాటుకున్న కారు మ్యూజియంకు చేరింది. ఓపిగ్గా కరిగించిన లోహం ఇంకా రాపిడి ఉన్నచోటే పనిచేస్తోంది.