గగారిన్ చేతి గడియారం

అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి ఎవరు? యూరీ గగారిన్. పోటీ పరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టిన ఒక మార్కు జవాబు ఇది. ఆ జవాబు వెనకున్న మనిషి మనకు దగ్గరివాడే అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గగారిన్ 1934 మార్చి 9న రష్యాలోని క్లూషినో గ్రామంలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. తల్లి సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పాలు పితికేది. యుద్ధంలో జర్మన్ సైనికులు ఇల్లు ఆక్రమించుకుంటే కుటుంబమంతా మట్టిలో తవ్వుకున్న గుంతలో తలదాచుకుంది. అన్నను, అక్కను వెట్టిపనికి పట్టుకుపోయారు.

యుద్ధం తర్వాత మాస్కో దగ్గర ల్యూబెర్త్సీలో పోతపని నేర్పే వృత్తి పాఠశాలలో చేరాడు. తిండి, బట్ట, వసతి అన్నీ ప్రభుత్వానివే. పగలు కరిగిన లోహం ముందు పని, రాత్రి బడిలో ఏడో తరగతి. తర్వాత సరాతోవ్‌లో సాంకేతిక విద్య, అక్కడి ఫ్లయింగ్ క్లబ్‌లో విమానం నడపడం. 1957లో ఒరెన్‌బర్గ్ సైనిక పైలట్ల పాఠశాలలో ఉత్తీర్ణుడయ్యాడు.

వాయుసేన పైలట్లకు ష్టుర్మాన్‌స్కీ అనే చేతి గడియారం ఇచ్చేవారు. మాస్కో మొదటి గడియారాల కర్మాగారంలో తయారయ్యేది. దుకాణాల్లో అమ్మేవారు కాదు. కీ ఇచ్చి నడుపుకునే గడియారమే. కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగేది. అలా అందరూ ఒకే క్షణానికి టైం సరిచేసుకునేవారు.

1961 ఏప్రిల్ 12న వోస్టాక్-1లో వెళ్లినప్పుడు గగారిన్ చేతికున్నది ఆ గడియారమే. భారం లేని చోట గోడ గడియారపు లోలకం ఊగదు. స్ప్రింగు బలంతో నడిచే గడియారం మాత్రం నడుస్తుంది. మనిషి సంగతే ఎవరికీ తెలియదు! అందుకే నౌక నియంత్రణలకు తాళం వేసి, విప్పే అంకెలను కవరులో పెట్టారు. తిరుగు ప్రయాణంలో పరికరాల భాగం సరిగా విడిపోక నౌక గిరగిరా తిరిగింది. అయినా 108 నిమిషాల్లో యాత్ర ముగిసింది. 7 కిలోమీటర్ల ఎత్తున బయటికి దూకి, పారాచూట్‌తో తాను చదువుకున్న సరాతోవ్ ప్రాంతంలోనే ఒక పొలంలో దిగాడు. అక్కడ పనిచేసుకుంటున్న అవ్వ, ఆమె మనవరాలు ఆయన్ను మొదట చూశారు.

అదే ఏడాది చివర భారతదేశానికీ వచ్చాడు. 1968 మార్చి 27న శిక్షణ విమానం కూలి 34 ఏళ్లకే కన్నుమూశాడు.

మిత్రులారా! ఆ గడియారం అంతరిక్షం కోసం ప్రత్యేకంగా చేసింది కాదు. చదివి పైలట్ అయినందుకు దక్కింది. ఉంటున్నది వెల్ఫేర్ హాస్టల్‌లో అని కాలేజీలో చెప్పడానికి తటపటాయించే తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో ఉన్నారు. సర్కారు తిండి తిని, సర్కారు బట్ట కట్టి చదివినవాడే అందరికంటే ముందు భూమిని చుట్టి వచ్చాడు. ఈసారి ఎవరైనా అడిగితే తల ఎత్తి చెబుదాం.