పడిన పన్నును తిరిగి నిలిపిన వైద్యుడు: అబుల్ ఖాసిమ్ జహ్రావీ

పన్ను ఊడితే వయసు మీద పడిందనుకొని ఊరుకుంటాం. కాని నమలడానికే కాదు, ఖుర్ఆన్ పారాయణానికీ పళ్ళు కావాలి. సా, జాల్, జా అక్షరాలు సరిగా పలకాలంటే నాలుక కొన పైపళ్ళ అంచును తాకాలి. ఈ లోటు తీర్చడానికి వెయ్యేళ్ళ క్రితం పాటుపడిన ఒక ముస్లిం వైద్యుణ్ణి ఈ నెల పరిచయం చేస్తున్నాం.

ఆయన అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ (రహ్మలై). వంశం మదీనా అన్సారులది. స్పెయిన్‌లో ఖుర్తుబా పక్కన ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ కట్టించిన మదీనతుజ్ జహ్రా పట్టణాన్ని బట్టి ఆయనకు జహ్రావీ అనే పేరు వచ్చింది. చరిత్రకారులు ఆయన గురించి రాసింది కొద్దే. క్రీ.శ. 1000 ప్రాంతంలో పూర్తిచేసిన 'అత్తస్రీఫ్' అనే ముప్ఫై భాగాల గ్రంథమే ఆయన్ని మనకు చూపిస్తుంది. శస్త్రచికిత్సకు కేటాయించిన చివరి భాగంలో దాదాపు 200 పరికరాల బొమ్మలు గీశారు. శిష్యులను కన్నబిడ్డల్లా సంబోధిస్తూ రాశారు.

పన్ను పీకడానికి తొందరపడవద్దన్నది ఆయన మొదటి హెచ్చరిక. నొప్పి ఒక పంటిదైతే రోగి మరో పన్ను చూపిస్తాడు. తెలివిలేని మంగళ్ళు మంచి పన్ను పీకేస్తారు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. పళ్ళకు పట్టిన గార గీకడానికి పద్నాలుగు రకాల పరికరాలు చూపారు.

కదిలే పళ్ళకు ఆయన చెప్పిన చికిత్స బంగారు తీగ. గట్టి పంటి దగ్గర మొదలుపెట్టి, కదిలే పళ్ళ మధ్యగా అల్లి, అవతలి గట్టి పంటిదాకా తీసుకెళ్ళి తిరిగి వెనక్కు తేవాలి. వెండి కొన్నాళ్ళకు పచ్చబడి చెడుతుంది, బంగారం మారదు. ఊడిన పన్నును కూడా దాని స్థానంలోనే పెట్టి ఇలా కట్టవచ్చన్నారు. అది లేకపోతే ఎద్దు ఎముకను పంటి ఆకారంలో చెక్కి కట్టాలన్నారు. మనం 'కట్టుడు పళ్ళు' అంటాం, ఆయన నిజంగానే కట్టారు!

పురుషులకు బంగారం నిషిద్ధం కదా అని పాఠకులు అడగవచ్చు. హజ్రత్ అర్‌ఫజా (రజి) కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకొని వెండి ముక్కు పెట్టుకున్నారు. అది దుర్వాసన వేయగా, దైవప్రవక్త (సఅసం) బంగారు ముక్కు పెట్టుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. ధర్మపండితుల్లో పలువురు తమ పళ్ళను బంగారంతో కట్టించుకున్నారని ఇమామ్ తిర్మిజీ పేర్కొన్నారు. అలంకారం వేరు, అవసరం వేరు.

1010 ప్రాంతంలో అంతర్యుద్ధంలో మదీనతుజ్ జహ్రా ధ్వంసమైంది. 1013 ప్రాంతంలో జహ్రావీ కన్నుమూశారు. గ్రంథం మాత్రం మిగిలింది. పన్నెండవ శతాబ్దంలో తులైతులాలో జెరార్డ్ దాని శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించగా, ఐరోపా వైద్యులు శతాబ్దాలపాటు చదివారు.

నేటి ఇంప్లాంట్‌ను కూడా జహ్రావీయే కనిపెట్టారని మనవాళ్ళు కొందరంటారు. అది అతిశయోక్తి. దవడ ఎముకలో టైటానియం మరను నాటి, ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను అమర్చే పద్ధతిని స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1965లో తొలిసారి ఒక రోగికి చేశారు. ఇలా స్థిరంగా నాటిన పన్నును వజూకు గాని, గుసుల్‌కు గాని తీయనక్కర లేదు. తీసి పెట్టుకునే పళ్ళసెట్టయితే గుసుల్‌లో తీసి పుక్కిలించాలని హనఫీ ఉలమాలు అంటారు.