పల్లెలో మొదలైన దేవుని రాజ్యం: బిషప్ అజరయ్య జీవితం



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చర్చిల దగ్గర సి.ఎస్.ఐ. అనే అక్షరాలు మీరు చూసే ఉంటారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అని దాని అర్థం. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రిని లండన్ మిషన్ వాళ్లు స్థాపించారు. అది కూడా తర్వాత ఈ సంఘం కిందికే వచ్చింది. వేరువేరు మిషన్ల సంఘాలు ఇలా ఒక్కటి కావడానికి పాతికేళ్లకు పైగా పాటుపడిన పెద్దల్లో ముఖ్యుడు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. మీరు ఏ మతంలో పెరిగినా ఆయన జీవితం తెలుసుకోవడం మంచిది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే చిన్న పల్లెలో పుట్టారు. వాళ్లది నాడార్ కులం. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే కులమని ఆ రోజుల్లో పైకులాల వాళ్లు వాళ్లను గుళ్లలోకి రానిచ్చేవారు కాదు. తండ్రి పల్లె పాస్టరు. అజరయ్య చిన్నతనంలోనే ఆయన చనిపోతే తల్లి పెంచింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివినా అజరయ్యకు డిగ్రీ చేతికి రాలేదు. అయినా ఆగిపోలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి యువకుల మధ్య దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆడపిల్లలకు కాలేజీ చదువు అరుదైన ఆ కాలంలో ఆమె కాలేజీ దాకా చదివింది.

మన దేశస్థుల సొమ్ముతో, మన దేశస్థుల చేతులతోనే సేవ జరగాలని ఆయన ఆలోచన. అందుకే 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ప్రారంభానికి నడుం కట్టారు. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇతరులను పంపి తాను పట్నంలో ఉండటం ఆయనకు నచ్చలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, తెలుగు నేర్చుకుని, కుటుంబంతో దోర్నకల్‌కు వచ్చేశారు.

1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ తెల్లవారి ముందు నిలబడి ఆయన ఒక చేదు నిజం చెప్పారు. మిషనరీలు మన కోసం ఎంతో త్యాగం చేశారు, కానీ మనతో సమానంగా కూర్చునే స్నేహం ఇంకా ఇవ్వలేదని, అది కూడా ఇవ్వమని అడిగారు. ఆ మాట కొందరికి గుచ్చుకుంది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే.

ఇక అసలు సంగతికి వస్తాను. దేవుని రాజ్యం అంటే చనిపోయాక వెళ్లే చోటు అని చాలామంది అనుకుంటారు. ఏసుక్రీస్తు నేర్పిన ప్రార్థనలో ఆ రాజ్యం భూమి మీదికి రావాలన్న కోరిక ఉంది. అజరయ్య దాన్ని అక్షరాలా తీసుకున్నారు. రాజ్యం రావాలంటే ముందు పల్లెలోకి, ఇంట్లోకి, కంచం దగ్గరికి రావాలి. అందుకే బడులు పెట్టించారు. మగపిల్లలతో పాటు ఆడపిల్లలనూ చదివించారు. ఒంటిని, ఇంటిని శుభ్రంగా ఉంచుకోవాలని, తాగుడు మానాలని ఊరూరా చెప్పారు. చేతిపని చేయడంలో చిన్నతనం లేదని నేర్పించారు. పేదవాడు కూడా ఇచ్చేవాడు కావాలన్నారు. డబ్బు లేనివాళ్లు ధాన్యమో, కోడో, గుడ్లో గుడికి కానుకగా తెచ్చేవారు. ఎప్పుడూ చేయి చాచి తీసుకునే మనిషి, తానూ ఒకరికి ఇవ్వగలనని తెలుసుకున్న రోజున తల ఎత్తుకుంటాడు.

ఆయన దగ్గరికి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేదలు. ఊరు వాళ్లిద్దరినీ దూరం పెట్టింది. కానీ వాళ్లు కూడా ఒకరినొకరు దూరం పెట్టుకున్నారు. కులం సంఘంలోకి రాకూడదని ఆయన పట్టుబట్టారు. పైవాడు మనల్ని తక్కువ చేస్తే బాధపడే మనం మన పక్కవాడిని తక్కువ చేస్తే దేవుని రాజ్యం ఎక్కడిది?

ఈ ప్రశ్న మనదీ అవునా కాదా చెప్పండి. సుగాలి పిల్లలు ఒక వరుస, ఎరుకల పిల్లలు ఒక వరుస, యానాది పిల్లలు అందరికన్నా చివర. హాస్టళ్లలో భోజనాల వేళ ఇలాంటి వరుసలు నేను చూశాను. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చుంటారు. మనల్ని బయటివాళ్లు చిన్నచూపు చూస్తున్నారని సభల్లో మాట్లాడే ముందు ఆ వరుస చెరిపేయాలి.

అజరయ్య తన నేల వాసనను వదులుకోలేదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ పెద్ద గుడిని చూస్తే స్తంభాల్లో హిందూ మండపం, గుమ్మటాల్లో మసీదు, మధ్యలో సిలువ కనిపిస్తాయి. దేవుణ్ని నమ్మడానికి మన పాటా మన పద్ధతీ పారేయనక్కర లేదని ఆ రాళ్లే చెబుతాయి. మతాన్ని బట్టి వేరుగా ఓట్లు పెట్టే పద్ధతిని కూడా ఆయన ఒప్పుకోలేదు. క్రైస్తవులు అందరితో కలిసి బతకాలన్నారు. పేదలు మతం మారడం గురించి గాంధీజీతో ఆయనకు అభిప్రాయభేదం వచ్చింది. ఏది నమ్మాలో తేల్చుకునే తెలివి, హక్కు పేదవాడికీ ఉన్నాయన్నది ఆయన వాదన.

1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యత చర్చల్లో ఆయన ముందున్నారు. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన డయాసిస్‌లో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడింది. విత్తు నాటినవాడు పంట చూడకపోయినా పంట ఆగదు.

రేపు భోజనాల గంట కొట్టగానే, మీరు ఎప్పుడూ పక్కన కూర్చోని పిల్ల పక్కన కంచం పెట్టుకుని కూర్చోండి. పేరు అడగండి. తండా ఏదో, కాలనీ ఏదో తర్వాత తెలుసుకోవచ్చు.