రిచర్డ్ కూన్

రిచర్డ్ కూన్ (1900 - 1967) ఆస్ట్రియాలో జన్మించి జర్మనీలో స్థిరపడిన ప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. కెరోటినాయిడ్లు, విటమినులపై చేసిన కృషికి 1938 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఈయనకు లభించింది.

బాల్యం, విద్య

కూన్ 1900 డిసెంబరు 3న వియన్నా నగరంలో జన్మించాడు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ విల్‌స్టాటర్ వద్ద ఎంజైములపై పరిశోధన చేసి 1922లో డాక్టరేటు పొందాడు. 1926 నుండి జ్యూరిక్‌లో బోధించి, 1929లో హైడెల్‌బర్గ్‌లోని కైజర్ విల్‌హెల్మ్ వైద్య పరిశోధనా సంస్థలో రసాయన విభాగాధిపతి అయ్యాడు.

రిబోఫ్లేవిన్ పరిశోధన

1933లో పాల్ గ్యోర్గి, థియోడర్ వాగ్నర్-యౌరెగ్‌లతో కలిసి విటమిన్ బి2ను శుద్ధ రూపంలో వేరు చేశాడు. వెన్న తీసిన పాలు వేల లీటర్లు వాడితే లభించినది అతి స్వల్పం. పసుపు రంగు గల ఈ పదార్థమే నేటి రిబోఫ్లేవిన్. దీనికి కాంతి తగిలితే విచ్ఛిన్నమయ్యే గుణం ఉంది. క్షార ద్రావణంలో కాంతి సోకినప్పుడు ఏర్పడే ల్యూమిఫ్లేవిన్ దీని నిర్మాణాన్ని తెలుసుకొనుటకు తోడ్పడింది. 1935లో కూన్ బృందం, జ్యూరిక్‌లో పాల్ కారర్ బృందం వేర్వేరుగా దీనిని కృత్రిమంగా తయారు చేశాయి.

నాజీ పాలనలో

విల్‌స్టాటర్, గ్యోర్గి ఇద్దరూ యూదులు. గ్యోర్గి 1933లో జర్మనీ విడిచి వెళ్ళాడు. విల్‌స్టాటర్ 1939లో స్విట్జర్లాండుకు వలసపోవలసి వచ్చింది. కూన్ మాత్రం ప్రభుత్వానికి అనుకూలంగా నిలిచి, 1936లో తన సంస్థలోని ముగ్గురు యూదు సహోద్యోగులపై అధికారులకు ఫిర్యాదు చేశాడు. జర్మన్లు నోబెల్ బహుమతి స్వీకరించరాదని హిట్లర్ 1937లో నిషేధించినందున ఆ బహుమతిని నిరాకరించవలసి వచ్చింది. పతకం, పట్టా యుద్ధానంతరం అందాయి గాని నగదు లభించలేదు. 1944లో సైన్యం కొరకు జరిగిన పరిశోధనలో సోమన్ అనే ప్రాణాంతక నాడీవిషాన్ని కనుగొన్నాడు.

రక్త భద్రతలో రిబోఫ్లేవిన్

కూన్ 1967లో హైడెల్‌బర్గ్‌లో మరణించాడు. ఆయన వేరు చేసిన విటమిన్ తరువాతి కాలంలో రక్త మార్పిడికి ఉపకరించింది. దాతల నుండి సేకరించిన ప్లేట్‌లెట్లు లేదా ప్లాస్మాలో రిబోఫ్లేవిన్ కలిపి అతినీలలోహిత కాంతికి గురి చేస్తారు. విటమిన్ అణువులు వైరసులు, బాక్టీరియాల కేంద్రక ఆమ్లాలతో జతపడతాయి. కాంతి సోకగానే ముఖ్యంగా గ్వానిన్ దెబ్బతిని అవి వృద్ధి చెందలేవు. దాత తెల్ల రక్తకణాలు కూడా ఇదే విధంగా నిష్క్రియమవుతాయి. ప్లేట్‌లెట్లలో కేంద్రకం లేనందున అవి పనిచేయగలవు, అయితే కొంత సామర్థ్యం తగ్గుతుంది. రిబోఫ్లేవిన్ ఆహారంలో సహజంగా ఉండే విటమిన్ కావున రక్తం ఎక్కించే ముందు దానిని తొలగించనవసరం లేదు.

గౌరవం, పునరాలోచన

జర్మన్ రసాయన శాస్త్రవేత్తల సంఘం ఈయన పేరిట ఒక పతకం ఇచ్చేది. నాజీ కాలపు ప్రవర్తన దృష్ట్యా 2005లో దానిని నిలిపివేసింది.