ఒబ్దూలియో వరేలా

దక్షిణ అమెరికా ఖండమున బ్రెజిల్, అర్జెంటీనా అను రెండు మహాదేశముల నడుమ ఉరుగ్వే అను చిన్నదేశము కలదు. పటమున దానిని వెదకి పట్టుకొనుటకు కొంత శ్రద్ధ కావలెను. పచ్చిక బయళ్లు, పసుల మందలు, గొఱ్ఱెల మందలు దాని సంపద. సముద్రమువలె విశాలమైన లా ప్లాటా నదీముఖమున దాని రాజధాని మోంటెవీడియో నగరము నెలకొని యున్నది. 1950వ సంవత్సరమున ఆ దేశపు జనసంఖ్య సుమారు 22 లక్షలు మాత్రమే. అట్టి చిన్నదేశము కాలిబంతి యాటలో ఆ యేట సమస్త ప్రపంచమును జయించెను. ఆ జయమునకు నాయకుడైనవాడు ఒక నిరుపేద యింటి బిడ్డ. అతని పేరు ఒబ్దూలియో వరేలా.

వరేలా 1917వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన మోంటెవీడియోలో జన్మించెను. అతని వంశమున ఆఫ్రికా సంతతివారి రక్తము కలదు. ఇంట కటిక పేదరికము తాండవించుచుండెను. అందుచేత అతనికి బడిచదువు ఎక్కువగా అబ్బలేదు. తోడిపిల్లలు పలకా బలపము పట్టుకొని బడికి పోవు వయస్సున అతడు వీథులలో వార్తాపత్రికలు అమ్ముచు, చిల్లరపనులు చేయుచు ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చుచుండెను. తీరిక దొరకినంతనే ఖాళీస్థలములలో బంతి యాడుటయే అతనికి గల వినోదము. ఆ యాటయే క్రమముగా అతనికి జీవనోపాధి యయ్యెను. మొదట డిపోర్తివో హువెంతూద్ అను చిన్న క్లబ్బునందును, 1938 మొదలు మోంటెవీడియో వాండరర్స్ అను క్లబ్బునందును ఆడి అతడు పేరు గడించెను. 1942లో దక్షిణ అమెరికా దేశముల పోటీలో విజయము సాధించిన ఉరుగ్వే జట్టునం దతడును ఒకడు. మరుసటి యేట, అనగా 1943లో, అతడు పెన్యారోల్ క్లబ్బున చేరెను. అటుపిమ్మట కడవరకు ఆ క్లబ్బును విడువలేదు.

పెన్యారోల్ క్లబ్బు చరిత్ర యెఱుగనిదే వరేలా చరిత్ర పూర్తి కానేరదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయుల కంపెనీ యొకటి ఉరుగ్వేలో రైలుమార్గములు నిర్మించెను. మోంటెవీడియో చెంత నున్న పెన్యారోల్ అను పల్లెలో ఆ కంపెనీ తన కర్మాగారములను నెలకొల్పెను. ఇటలీదేశపు పినరోలో పట్టణమునుండి వచ్చి స్థిరపడిన యొక వలసదారుని మూలమున ఆ పల్లెకు ఆ పేరు వచ్చెను. 1891వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆ రైల్వే ఉద్యోగులు, పనివారు 118 మంది కూడి ఒక క్రీడాసంఘమును స్థాపించిరి. వారిలో హెచ్చుమంది ఆంగ్లేయులగుటచే దానికి క్రికెట్ క్లబ్బని పేరు పెట్టిరి. కాని ఆ దేశపు కుఱ్ఱవాండ్రకు క్రికెట్టుకంటె కాలిబంతియే ప్రియమయ్యెను. రైలుదారి సంకేతములలోని పసుపు, నలుపు వన్నెలే ఆ క్లబ్బు చొక్కాకు వన్నెలయ్యెను. 1900లో ఉరుగ్వేలో మొదటిసారి జరిగిన లీగు పోటీలో ఆ జట్టే గెలుపొందెను. కొంతకాలమునకు రైల్వే కంపెనీ ఆటల వ్యవహారమునుండి తొలగదలచెను. అప్పుడు, 1913వ సంవత్సరాంతమున, క్లబ్బు కంపెనీనుండి విడివడి, పనివారి పల్లె పేరునే తన పేరుగా గ్రహించెను. నాసియోనాల్ అను మరియొక క్లబ్బు దానికి ప్రబలమైన ప్రత్యర్థి. ఈ రెండు జట్లును తలపడు దినమున మోంటెవీడియో నగరము రెండుగా చీలిపోవును. 1932లో ఉరుగ్వేలో ఆటగాండ్రకు జీతమిచ్చి ఆడించు పద్ధతి అమలులోనికి వచ్చినప్పుడు తొలి విజయము పెన్యారోల్ జట్టుకే దక్కెను.

అట్టి జట్టునందు వరేలా ఆటస్థలము నట్టనడుమ నిలిచి యాడువాడు. వెనుకనున్న రక్షకులకును, ముందున్న దాడిగాండ్రకును వంతెనవంటివాడై, ఎదిరివారి వేగము నరికట్టుట, తనవారికి దారి చూపుట అతని పని. అతనికంటె వేగముగా పరుగెత్తగలవారు పెక్కండ్రు కలరు. కాని అతనివలె తోడివారి మనస్సులలో ధైర్యము నింపగలవారు అరుదు. అతడు మితభాషి. గద్దించినచో జట్టంతయు వినెడిది. అందుచేత జనులతనిని నల్లదొర యను నర్థము గల ముద్దుపేరుతో పిలుచుచుండిరి. అతడు చేరిన మరుసటి యేడును, అనగా 1944లోను, 1945లోను పెన్యారోల్ జట్టు దేశపు లీగులో విజేత యయ్యెను.

వరేలా నాయకత్వము ఆటస్థలముతో ముగియలేదు. ఆ కాలమున ఆటగాండ్రకు క్లబ్బు యజమానులే సర్వాధికారులు. యజమాని విడువనిదే ఆటగాడు మరియొక క్లబ్బున చేరుటకు వీలులేదు. వేలకొలది జనులు టిక్కెట్లు కొని చూచు ఆటను ఆడువారికి ముట్టు జీతము మాత్రము స్వల్పము. ఆటగాండ్రు తమ సంఘమును గుర్తింపవలెననియు, తమ స్థితిని బాగుచేయవలెననియు కోరిరి. కోరిక నెరవేరకపోగా 1948 అక్టోబరులో సమ్మె కట్టిరి. ఆ యేటి లీగు పోటీ సగములో నిలిచిపోయెను. సమ్మె ఏడు నెలలవరకు సాగెను. ఆ సమ్మెకు ముందు నిలిచినవారిలో వరేలా యొకడు. పేరుప్రతిష్ఠలు గల తాను యజమానులతో వేరుగా రాజీపడి సుఖముగా నుండగలిగెడివాడే; కాని జీతము చాలని చిన్న ఆటగాండ్రను నడివీథిలో విడిచిపెట్టుటకు అతని మనస్సు ఒప్పలేదు. ఆ నెలలలో అతడు ఇండ్లు కట్టు పనిలో కూలికి కుదిరి పొట్ట పోసికొనెనని చెప్పుదురు. 1949లో సమ్మె ముగిసి ఆటలు మరల ఆరంభమైనవి. ఆ యేట పెన్యారోల్ జట్టు అజేయమై లీగును గెలుచుకొనెను.

మరుసటి సంవత్సరము, 1950లో, బ్రెజిల్ దేశమున ప్రపంచ కప్పు పోటీలు జరిగెను. యుద్ధకారణమున పండ్రెండేండ్లు ఆగిపోయిన పోటీలవి. భారతదేశమునకు కూడ ఆ పోటీలలో పాల్గొను అవకాశము లభించెను గాని భారత జట్టు వెళ్లలేదు. బ్రెజిల్ వారు రియో డి జనీరో నగరమున మరకనా అను మహాక్రీడారంగమును నిర్మించిరి. అంత పెద్ద క్రీడారంగము నాడు లోకమున మరియొకటి లేదు. కడపటి దశలో నాలుగు జట్లు మిగిలెను. బ్రెజిల్ జట్టు స్వీడన్ ను 7-1 గోలులతోను, స్పెయిన్ ను 6-1 గోలులతోను చిత్తుగా ఓడించెను. ఉరుగ్వే జట్టు స్పెయిన్ తో 2-2గా సరిసమానముగా నిలిచెను. ఆ సమానము కూడ వరేలా కొట్టిన గోలువలననే లభించెను. స్వీడన్ ను 3-2తో అతికష్టముమీద గెలిచెను. కడపటి యాట బ్రెజిల్, ఉరుగ్వేలకు నడుమ. అందు సమానముగా నిలిచినను చాలును, కప్పు బ్రెజిల్ కే దక్కును.

జులై 16వ తేదీ ఆదివారము. ఆట యింకను మొదలు కాకమునుపే రియో నగరమున విజయోత్సవము సాగుచుండెను. ఒక పత్రిక బ్రెజిల్ ఆటగాండ్ర చిత్రము నచ్చువేసి వారే ప్రపంచ విజేతలని ముందుగానే ప్రకటించెను. వరేలా ఆ పత్రిక ప్రతులను తన జట్టువారి ముందు నేలపై పరపించి అవమానింపజేసెనని ప్రతీతి. ఉరుగ్వే అధికారులలో కొందరు తమ ఆటగాండ్రను సమీపించి, ఎక్కువ గోలులతో ఓడక గౌరవముగా బయటపడినచో చాలునని హితవు చెప్పిరి. శిక్షకుడు వెనుకకు తగ్గి రక్షించుకొనుచు ఆడుమనెను. ఆయన బయటికి పోయిన పిమ్మట వరేలా లేచి, అట్లాడినచో తక్కిన జట్లకు పట్టిన గతియే తమకును పట్టునని తోడివారికి నచ్చజెప్పెను. ఆటస్థలమున ప్రవేశించునపుడు పైకి, జనసమూహమువైపు చూడవలదనియు, ఆట క్రిందనే జరుగుననియు, బయటివారు ఆడువారు కారనియు బోధించెను. ఆనాటి పదునొకండుగురిలో అతనితో కలిసి అయిదుగురు పెన్యారోల్ ఆటగాండ్రే.

క్రీడారంగమున 1,73,850 మంది టిక్కెట్లు కొని కూర్చుండిరి. టిక్కెట్టు లేక చేరినవారితో కలిపి రెండు లక్షలవరకు ఉందురని అంచనా. మొదటి సగమున ఎవ్వరికిని గోలు కాలేదు. రెండవ సగము ఆరంభమైన రెండు నిమిషములకే బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోలు కొట్టెను. మరకనా దద్దరిల్లెను. బాణసంచా పేలెను. ఆ క్షణమున ఉరుగ్వే జట్టు గుండె చెదరియున్నచో గోలుమీద గోలు పడి యుండెడిదే.

అప్పుడు వరేలా ఒక విచిత్రమైన పని చేసెను. గోలులో పడియున్న బంతిని తీసి చంకన పెట్టుకొని, మెల్లమెల్లగా నడచి ఆటస్థలము నడిమికి వచ్చెను. ఆంగ్లేయుడైన రిఫరీ జార్జ్ రీడర్ ను సమీపించి, ఆ గోలు ఆఫ్ సైడ్ అని వాదించెను. ఒకరి భాష యొకరికి తెలియదు. దుబాసీని పిలిపింపుమని అతడు పట్టుపట్టెను. గోలు చెల్లుబాటగునని అతనికి తెలియును. రిఫరీ మనస్సు మార్చుట అతని యుద్దేశము కాదు. కాలము గడపుట, ప్రత్యర్థుల ఆవేశము చల్లార్చుట, తనవారికి ఊపిరి పీల్చుకొను వ్యవధి నిచ్చుట, ఇదియే అతని యుపాయము. జనుల సంతోషధ్వానములు కేకలుగా మారెను, కేకలు సన్నగిల్లెను. మరల బంతి కదలునప్పటికి క్రీడారంగమున తొలియుత్సాహము చల్లారి యుండెను. జట్టువారు తమ నాయకుని ముఖమున భయము లేకుండుట చూచి తాము కూడ నిబ్బరించుకొనిరి.

66వ నిమిషమున గిజియా కుడివైపునుండి బంతి నందింపగా స్కియాఫినో గోలు చేసెను. ఆట సమానమయ్యెను. 79వ నిమిషమున గిజియా తానే దూసుకొనిపోయి రెండవ గోలు కొట్టెను. ఆ మహాజనసముద్రము ఒక్కమారుగా నిశ్శబ్దమయ్యెను. 2-1 గోలులతో ఉరుగ్వే ప్రపంచ విజేత యయ్యెను. పోర్చుగీసు భాషలో అభినందనోపన్యాసము సిద్ధపరచుకొని వచ్చిన ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమే ఆ గందరగోళమున కప్పు చేతబట్టుకొని ఒంటరిగా నిలిచిపోయెను. తుదకు వరేలాను కనుగొని, వేడుక లేవియు లేకయే కప్పును అతని చేత పెట్టి కరచాలనము చేసెను.

ఆ రాత్రి వరేలా చేసిన పని అతని విజయముకంటె గొప్పది. తక్కినవారు బసలో ఉత్సవము చేసికొనుచుండ, అతడు రియో వీథులలోనికి వెడలెను. ఎటుచూచినను దుఃఖించు జనులే. పగలు తన్ను నిందించినవారు అప్పుడు బిడ్డలవలె విలపించుచుండిరి. తాను ఓడించినది పదునొకండుగురు ఆటగాండ్రను మాత్రమే కాదనియు, ఈ సామాన్యుల ఆనందమును కూడ తన చేతులతో తుడిచివేసితిననియు అతనికి తోచెను. అతడు వారి నడుమ కూర్చుండి, వారిని ఓదార్చుచు తెల్లవారువరకు గడపెను. కొందరతనిని గుర్తించిరి, ఐనను ఎవ్వరును కీడు తలపెట్టలేదు.

1954లో స్విట్జర్లాండు దేశమున జరిగిన ప్రపంచ కప్పునకు కూడ అతడే నాయకుడు. అప్పటికి అతనికి 36 ఏండ్లు. ఇంగ్లండుతో జరిగిన యాటలో అతడొక గోలు కొట్టి, గాయపడెను. ఆ యాటలో ఉరుగ్వే 4-2తో నెగ్గెను. తరువాత హంగరీతో జరిగిన యాటకు అతడు రాలేకపోయెను, ఉరుగ్వే ఓడెను. ప్రపంచ కప్పులలో వరేలా ఆడిన ఒక్క యాటయందును అతని దేశము ఓడలేదు.

ఆ కాలముననే పెన్యారోల్ క్లబ్బువారు చొక్కాలపై ఒక కంపెనీ పేరు ముద్రించుటకు అంగీకరించిరి. పదిమంది ఆ చొక్కాలు తొడిగి ఆటకు దిగిరి. వరేలా మాత్రము తన పాత పసుపు నలుపు చొక్కాతోనే నిలిచెను. నల్లజాతివారిని పశువులవలె ముకుత్రాడు వేసి త్రిప్పిన దినములు గతించినవని అతని భావము. 1955లో అతడు ఆట చాలించెను. పిదప మోంటెవీడియోలో నిరాడంబరముగా జీవించెను. మరకనా విజయమును గూర్చి గొప్పలు చెప్పుకొనుట అతనికి కిట్టదు. 1996వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన, తన 78వ యేట, అతడు కన్నుమూసెను.

పెన్యారోల్ క్లబ్బు అటుపిమ్మటను వర్ధిల్లెను. దక్షిణ అమెరికా క్లబ్బుల మహాపోటీ 1960లో ఆరంభమైనప్పుడు తొలి విజేత ఆ జట్టే. 1987 నాటికి ఆ కప్పును అయిదుమారులు గెలిచెను. కాని ఆ దేశపు పెద్దలు పిల్లలకు మొదట చెప్పు కథ కప్పులది కాదు. రెండు లక్షలమంది కేకలు వేయుచుండగా బంతిని చంకన పెట్టుకొని తొందరలేక నడచి వచ్చిన యొక మనుష్యుని కథ. అందరు భయపడువేళ తాను నిలుచుట ధైర్యము. గెలిచిన రాత్రి ఓడినవారి కన్నీరు చూడగలుగుట అంతకంటె పెద్ద గుణము. ఒబ్దూలియో వరేలాయందు ఈ రెండును నెలకొనియుండెను.